పన్నెండు రూపాయలు యాడ పోయినాయి

నాలుగేండ్ల సిప్పు (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో కట్టే సొమ్ము) లెక్కలన్నీ గ్నూక్యాష్ అనే పద్దుల సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిద్దామని మొన్న ఆదివారం కూర్చున్నా, గంట పని అనుకున్నా గానీ రాత్రి పదకొండయింది, కారందోశ కూడా కీబోర్డు పక్కనే పెట్టుకుని తిన్నా. పక్కన నాయన. ప్రొద్దుటూరు బంగారం అంగట్లో ముప్పై ఏండ్లు పద్దులు రాసిన గుమాస్తా ఆయన, కంప్యూటర్ తెలీదు, జమకు ఖర్చు కుదరకపోతే మాత్రం నిద్రపోడు.

మొదటి దెబ్బ తేదీలతో. ఫండ్ స్టేట్‌మెంట్లో నెల పేరు అక్షరాల్లో ఉంటే ఎక్సెల్లో 05-01-2021 లాగ (జనవరి 5 అని) మార్చి సీఎస్‌వీ, అంటే కామాలతో విడదీసిన మామూలు ఫైలు, చేసినా, ఇంపోర్ట్ చేసేటప్పుడు తేదీ ఫార్మాట్ నెల-రోజు-సంవత్సరం అని ఉంది, నేను చూసుకోకుండా నెక్స్ట్ కొట్టేసినా. ఎర్రర్ కూడా రాలేదు! ఎట్లొస్తాది, నా సిప్పు 5న, సెలవొస్తే 6, 7, అంతే కదా, 12 దాటిన తేదీ ఒక్కటీ లేదు. 05-01ని అది మే 1 అనుకునింది, అట్ల ఏడాది సిప్పులన్నీ పోయి మే, జూన్, జులైలో కూర్చున్నాయి. ఒక్కటి 13 అయ్యింటే ఆ లైన్ దగ్గరే మొత్తుకునేది. ఇంపోర్టుకు అన్‌డూ లేదు, కాకపోతే అది సేవ్ చేసినప్పుడల్లా పాత ఫైలు టైముతో సహా పక్కన పెట్టుకుంటాది, దాంతో బతికిపోయినా.

మళ్లీ ఎక్కించినా. యూనిట్లు, అంటే ఫండ్‌లో నా వాటాలు, మూడో దశాంశం దాకా కుదిరినాయి. గ్నూక్యాష్‌లో బ్యాంకు ఖాతా మాత్రం పాస్‌బుక్ కంటే 12 రూపాయలు ఎక్కువ చూపిస్తాంది.

"12 రూపాయలే కదా నాయనా, ఏదో ఒక ఖాతాలో పడేస్తా" అన్నా.

"పడేసేదేందిరా? ఎన్ని నెల్లు కట్టినావు?"

"48."

"అయితే నెలకు పావలా. యాడో పావలా రాసుకోలేదు నువ్వు, చూడు."

చూస్తే నిజమే. 2020 జులై 1 నుంచి ఫండ్ కొంటే 0.005 శాతం స్టాంప్ డ్యూటీ ఉంది కదా, 5,000కు 25 పైసలు. బ్యాంకులో 5,000 కట్ అయితాది, స్టేట్‌మెంట్లో 4,999.75కు కొన్నట్టు ఒక లైను, దాని కింద స్టాంప్ డ్యూటీ 0.25 అని ఇంకో లైను. ఆ రెండో లైన్లలో యూనిట్లు ఖాళీగా ఉన్నాయని చెత్త అనుకుని ఫిల్టర్ పెట్టి 48 లైన్లూ నేనే లేపేసినా, అదీ ఎంత శుభ్రంగా చేసినానో అని మురిసిపోయి మరీ.

ఖర్చుల కింద స్టాంప్ డ్యూటీ అని ఖాతా తెరిచి ఆ 48 పావలాలు ఎక్కిస్తే బ్యాంకు పైసాతో సహా కుదిరింది. నాయన లేచి పండుకున్నాడు.