నలుగురం, ఒకటే గది

డిగ్రీ అయిన పన్నెండేళ్లకి నలుగురం కలిసి వైజాగ్ వెళ్లాం. ఆర్కే బీచ్ వెనక వీధిలో ఒకటే గది తీసుకున్నాం. రెండు మంచాలు, కింద ఒక పరుపు, ఒకటే బాత్రూమ్. తలా ఒక గది తీసుకోగలిగినా నేనే వద్దన్నాను.

పగలు కురుసుర సబ్‌మెరైన్ చూశాం. 1969లో నౌకాదళంలో చేరి, 2001 దాకా పనిచేసి, 2002 నుంచి ఇసుక మీద మ్యూజియంగా ఉంది. లోపల ఒకదాని మీద ఒకటి ఇరుకు పడకలు. వాటి ముందు చాలాసేపు నిలబడిపోయాను. నెలల తరబడి అలా ఎలా సర్దుకున్నారో!

మాకు ఒక్క రాత్రి ఏసీ దగ్గరే పేచీ. ఒకరికి 18 కావాలి, నాకు 26. చివరికి 24 పెట్టి, ఉన్న ఒక్క దుప్పటీ నాకిచ్చారు.

లైటు తీశాక, కింద పడుకున్నది మెల్లగా అంది: "ఒసేయ్, నాన్న పోయాక ఒక్కదాన్నే పడుకోలేకపోతున్నానే." రెండేళ్లలో ఫోన్‌లో ఒక్కసారీ చెప్పని మాట. దుప్పటి తీసుకుని కిందికి దిగాను. మిగతా ఇద్దరూ దిగారు. మంచాలు రెండూ తెల్లారేదాకా ఖాళీగానే ఉన్నాయి.