నా తరఫున ఎవరి సంతకం?

2022లో మా రెండో పాప పుట్టిన తొమ్మిదో రోజు, తెల్లవారుజామున మూడు గంటలకు, పసిగుడ్డును కొంగులో చుట్టుకొని తెనాలిలోని పుట్టింటి నుంచి రోడ్డు మీదికి వెళ్లిపోయాను. ఆసుపత్రిలో బిడ్డను మార్చేశారని, వెళ్లి నా బిడ్డను తెచ్చుకోవాలని నా నమ్మకం. అప్పటికి నాలుగు రాత్రులుగా నిద్ర లేదు. బాలింతకు గాలి సోకిందని అమ్మ తాయెత్తు కట్టించింది. ఇది వైద్యం కావలసిన జబ్బని గట్టిగా చెప్పింది నర్సుగా పనిచేసే మా వదిన, అంటే మా ఆయన అక్క ఒక్కరే. కాన్పయ్యాక లేని మాటలు వినిపించి, లేనివి నమ్మేలా చేసే ఈ మానసిక జబ్బు, పోస్ట్‌పార్టమ్ సైకోసిస్, వెయ్యి కాన్పుల్లో ఒకటి రెండింటిలో కనిపిస్తుందని, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే మొదలవుతుందని నాకు చాలా తరువాత తెలిసింది.

ఆ రాత్రి సంగతులు నాకు ముక్కలుగానే గుర్తున్నాయి. మిగిలినవి, కోలుకున్నాక అడిగి తీసుకున్న కేసు షీటు చదివి పేర్చుకున్నాను. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం, రోగికి గానీ ఇతరులకు గానీ తీవ్రమైన హాని వెంటనే తప్పించవలసి వస్తే, సైకియాట్రిస్టే కానక్కరలేదు, రిజిస్టరైన ఏ డాక్టరైనా అత్యవసర చికిత్స ఇవ్వవచ్చు. రోగి తరఫున నిలబడే ప్రతినిధి, అంటే నామినేటెడ్ రిప్రజెంటేటివ్, అందుబాటులో ఉంటే వారి సమ్మతి తీసుకోవాలి. నేను ముందుగా ఎవరి పేరూ రాసి పెట్టలేదు కనుక ఆ బాధ్యత బంధువుగా మా ఆయన మీద పడింది. ఆయన సమ్మతి పత్రం ముందు కలం పట్టుకొని, "రేపు నలుగురికీ తెలిస్తే?" అని చాలాసేపు నిలబడిపోయారట. సంతకం వంకరగా ఉంది. దాని పక్కన ఇంజెక్షన్ ఇచ్చిన సమయం వేయించింది వదిన. ఎందుకంటే అత్యవసర చికిత్సకు గడువు మన రాష్ట్రంలో 72 గంటలు, అంతకంటే ముందే మానసిక వైద్యశాలలో పరీక్ష జరిగితే ఆ గడువు అక్కడితో ముగుస్తుంది.

మానసిక వైద్యశాలలో నన్ను సైకియాట్రిస్టు ఒకరు, మరో డాక్టరు ఒకరు విడివిడిగా పరీక్షించి, మా ఆయన దరఖాస్తు మీద గరిష్ఠంగా 30 రోజులకు చేర్చుకున్నారు. నేను స్త్రీని కనుక 3 రోజుల్లోగా, ఇలాంటి చేరికలను సమీక్షించే మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకు వైద్యశాల తెలియజేయాలి. పురుషుడైతే 7 రోజులు. ఈ తేడా ఎందుకో నాకు ఎవరూ చెప్పలేదు గానీ, ఊహించడం కష్టం కాదు.

అన్నిటికంటే నన్ను కోసింది పాపను వేరు చేయడం. మూడేళ్లలోపు బిడ్డను తల్లి నుంచి మామూలుగా విడదీయకూడదని ఆ చట్టమే చెబుతుంది; బిడ్డకు ప్రమాదం ఉందని సైకియాట్రిస్టు భావిస్తే మాత్రమే తాత్కాలికంగా విడదీయవచ్చు, ఆ నిర్ణయాన్ని 15 రోజులకొకసారి సమీక్షించాలి. పాలు గడ్డకట్టి రొమ్ములు రాళ్లయిపోతుంటే, ఎవరి బిడ్డ కోసం ఈ నొప్పి అని అడిగిన నేనే, వారం గడిచాక ఆ నొప్పి పట్టుకొని నా బిడ్డ ఏదని అడిగాను. ఆ ప్రశ్నను నర్సు కేసు షీటులో రాసింది.

ఏడు రోజులకొకసారి డాక్టరు గారు వచ్చి, నా నిర్ణయం నేను తీసుకోగల స్థితిలో ఉన్నానో లేదో చూసేవారు. మొదటిసారి మాత్ర ఎందుకని అడిగితే, పాలు విషం చేయడానికని చెప్పాను. రెండోసారి నిద్ర పట్టడానికి, లేని మాటలు వినిపించకుండా ఉండడానికి అని, మానేస్తే మళ్లీ రోడ్డు మీదికి వెళ్తానేమో అని చెప్పాను. అప్పుడే ఇంటికి వెళ్లిపోయే వీలున్నా, నా సంతకంతో నేనే మరో పది రోజులు ఉన్నాను. అప్పటికి పాపను రోజూ నా ఒళ్లోకి తెచ్చేవారు, పక్కన ఎవరో ఒకరు ఉండేవారు.

మరో కాన్పులో ఈ జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువని డిశ్చార్జి రోజునే చెప్పారు. నాకు ఎటువంటి చికిత్స కావాలో, ఏది వద్దో ముందే రాసి పెట్టుకోవచ్చు కానీ, అత్యవసర చికిత్సకు ఆ రాత చెల్లదు. ఆ గంటల్లో పనికొచ్చేది నా తరఫున నిలబడే మనిషే. అందుకే తెల్లకాగితం మీద వదిన పేరు రాసి సంతకం చేశాను. ఆడపడుచుకు అంత అధికారమా అని అమ్మ నొచ్చుకుంది. మా ఆయన దాన్ని రెండుసార్లు చదివి, ఏమీ అనకుండా, బీరువాలో పాప టీకాల కార్డు పక్కన పెట్టారు.