నల్ల పూస

పోయిన జూన్‌లో మా అమ్మాయి వీబీఎస్ నుంచి చేతికి పూసల దండ కట్టుకుని వచ్చింది. వీబీఎస్ తెలియనివాళ్లకి: వేసవి సెలవుల్లో చర్చిలో పిల్లలకి అయిదు రోజులు పాటలు, బైబిలు కథలు, కాగితాలు కత్తిరించి అంటించడాలు, మధ్యలో జ్యూసు. నా చిన్నప్పుడు గుంటూరులోనూ ఉండేది, ఇప్పుడు డాలస్‌లోనూ ఉంది. ఏసీ ఒక్కటే తేడా. దండలో అయిదు పూసలు. నలుపు అంటే పాపం, ఎరుపు యేసు రక్తం, తెలుపు కడిగిన హృదయం, ఆకుపచ్చ ఎదుగుదల, పసుపు పరలోకం.

కారు వెనక సీట్లోంచి అన్నీ వరసగా అప్పజెప్పింది. తర్వాత కాసేపు చప్పుడు లేదు. దానికి తొమ్మిదేళ్లు. చప్పుడు చేయట్లేదంటే ఏదో రాబోతోందని అర్థం.

"అమ్మా, తమ్ముడికి రెండు చేతులకీ నల్ల పూసలే ఉన్నాయి."

వాడికప్పుడు పది నెలలు. ఆ పూసలు మా అమ్మ గుంటూరు నుంచి పంపింది. లూథరన్ ఇంట్లో పుట్టి, మిషన్ బళ్లో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషి. దిష్టి నమ్ముతానని చచ్చినా ఒప్పుకోదు. "ఊరికే, పిల్లాడి చేతికి అందంగా ఉంటాయని" అంటుంది. నా మెడలోనూ నల్లపూసలున్నాయి. వాటినీ లెక్కపెట్టింది. మొత్తానికి మా ముగ్గురిలో తక్కువ పాపం తనదేనని తేలింది, ఒక్క పూసే కాబట్టి.

నేను నవ్వాను. అది నవ్వలేదు. "ఆ ఒక్కటి కూడా ఎందుకు? నేనేం చేశాను? ఎవ్రీబడీ అంది అక్క. బేబీస్ కూడా అంది." కాసేపాగి, "నా చెయ్యి కలర్ కూడా ఆ పూసకే దగ్గరగా ఉంది" అంది. ఏడుస్తూ కాదు, కోపంగా కాదు. దుకాణంలో దారం రంగు పోల్చి చూసి చెప్పినట్టు చెప్పింది.

స్టీరింగ్ పట్టుకున్న నా చేతులు బిగుసుకున్నాయి. ఆ క్లాసు చెప్పింది పదిహేడేళ్ల పిల్ల, తప్పు తనది కాదు. ఈ రంగుల పాఠం చాలా పాతది. 1866లో లండన్‌లో స్పర్జన్ అనే పేరున్న బోధకుడు నలుపు, ఎరుపు, తెలుపు మూడే పేజీలున్న పుస్తకం మీద ప్రసంగం చేశాడు; మిగతా రంగులు తర్వాత చేరాయి. గుంటూరులో నేనూ ఇదే నేర్చుకున్నాను, అక్కడ క్లాసులో అందరం ఒకే రంగు కాబట్టి ఎవరికీ తట్టలేదు. ఇక్కడ పన్నెండు మందిలో అదొక్కతే. ఇంటికెళ్లి బైబిలు తీసి యెషయా మొదటి అధ్యాయం చూపించాను: "మీ పాపములు రక్తమువలె ఎఱ్ఱనివైనను అవి హిమమువలె తెల్లబడును." పాపానికి అక్కడున్న రంగు ఎరుపు, నలుపు కాదు అన్నాను. కొంచెం తేలికపడింది. కానీ అసలు ప్రశ్న అక్కడే ఉంది. నేనేం చేశాను?

ఆ ప్రశ్న మా ఇంట్లో అప్పటికే వేరే వేషంలో తిరుగుతోంది. మాది గుంటూరు, లూథరన్లం. మా ఆయనది ఒంగోలు, బాప్టిస్టులు. పెళ్లప్పుడు ఈ తేడా ఎవరికీ పట్టలేదు. పిల్లలు పుట్టాక పట్టింది. మావాళ్లు పసిబిడ్డకే బాప్తిస్మం ఇప్పిస్తారు. వాళ్లు బిడ్డ పెద్దయి, తన నోటితో నమ్ముతున్నానని చెప్పాకే నీళ్లలో ముంచుతారు. మా మామగారి ముత్తాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో బాప్తిస్మం పొందిన 2,222 మందిలో ఒకరని వాళ్లింట్లో చెప్పుకుంటారు. కరువు రోజులు, ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకం పని ఇప్పించిన రోజులు. అంతమందిలో ఒక్క చంటిబిడ్డ లేడని మామగారి పాయింటు. "వాడికి ఏం తెలుసమ్మా, ఏం పాపం చేశాడని నీళ్లు చల్లడం?" అంటారు. మా అమ్మ దగ్గర లూథరన్ల 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం ఉంది. దాని రెండో అంశం ప్రకారం ఆదాము తర్వాత పుట్టిన ప్రతి మనిషీ పాపంతోనే పుడతాడు: దేవుడంటే భయం లేకుండా, నమ్మకం లేకుండా, చెడ్డ కోరికతో. తొమ్మిదో అంశం, కాబట్టి పిల్లలకి బాప్తిస్మం ఇవ్వాలి. "వాడు ఏం చేశాడని కాదు వదినగారూ, వాడు ఎలా పుట్టాడని" అని మా అత్తగారితో ఫోన్లో వాదిస్తుంది. అమ్మాయప్పుడు నా మాట నెగ్గింది. అబ్బాయి విషయం పది నెలలైనా తేలలేదు.

రాత్రి భోజనాల దగ్గర నాకు తెలిసింది చెప్పాను. ఆదికాండంలో ఆదాము హవ్వలు తినొద్దన్న పండు తిన్నారు. అది ఆపిల్ అని బైబిల్లో లేదు, ఊరికే 'ఫలము' అనే ఉంది. లాటిన్‌లో చెడుకీ ఆపిల్‌కీ మాట ఒకేలా ఉండటంతో బొమ్మల్లోకి ఆపిల్ వచ్చిందంటారు. వాళ్లు తిన్నది మన దాకా ఎలా వచ్చిందన్నది ఆ కథలో ఎక్కడా లేదు, 'జన్మపాపం' అనే మాటే బైబిల్లో లేదు.

మా ఆయన చారు పోసుకుంటూ, "తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టు. ఇక్కడ తాత పండు తిన్నాడు" అన్నారు. దానికి ఆ సామెత విడమరిచి చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. చెప్పాక ఎంత నచ్చిందంటే వారం రోజులు అందరి మూతులూ వాసన చూసింది. హెబ్రీయులకీ ఇలాంటి సామెతే ఉంది: తండ్రులు ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్లు పులిశాయని. యెహెజ్కేలు ప్రవక్త ఆ సామెత ఇక పలకొద్దంటాడు. "పాపము చేయువాడే మరణము నొందును" అంటాడు. మామగారికి కంఠతా వచ్చిన వాక్యం అది.

మరి ఎక్కడినుంచి వచ్చింది ఈ జన్మపాపం? ఆ నెలంతా పిల్లలు పడుకున్నాక చదివాను. ఎక్కువగా ఒక మనిషి దగ్గరే ఆగాల్సి వచ్చింది: ఉత్తర ఆఫ్రికావాడు, హిప్పోకి బిషప్పు, అగస్టీన్. 354లో పుట్టాడు. పౌలు రోమీయులకు రాసిన పత్రిక అయిదో అధ్యాయంలో ఒక్క మనిషి ద్వారా పాపం లోకంలోకి వచ్చిందనే వాక్యం ఉంది. అగస్టీన్ చదివిన లాటిన్ బైబిల్లో దాని చివర 'అతనిలో అందరూ పాపం చేశారు' అనే అర్థం వచ్చేలా ఉంది. అంటే ఆదాము తిన్నప్పుడు మనమందరం అతని లోపలే ఉన్నాం, మనమూ తిన్నాం. గ్రీకు మూలంలో అక్కడున్న మాటని ఇప్పుడు ఎక్కువమంది 'ఎందుకంటే' అనే చదువుతారు. మన తెలుగు బైబిల్లో కూడా "మనుష్యులందరు పాపము చేసినందున" అనే ఉంది. లాటిన్‌లో రెండు చిన్న మాటలు! సిద్ధాంతమంతా దాని మీదే నిలబడిందనడం అన్యాయం. "పాపములోనే నా తల్లి నన్ను గర్భమున ధరించెను" అన్న 51వ కీర్తన ఉంది, పసిబిడ్డలకి బాప్తిస్మం ఇచ్చే అలవాటు అప్పటికే ఉంది. కానీ వాదన అక్కడ గట్టిపడింది.

అగస్టీన్‌కి ఎదురు నిలిచింది పెలాగియస్, బ్రిటన్ నుంచి వచ్చిన సన్యాసి. ఆదాము చెడ్డ దారి చూపించాడు తప్ప చెడ్డ రక్తం ఇవ్వలేదు, ప్రతి బిడ్డా ఆదాము మొదట్లో ఉన్నట్టే పుడుతుంది, మంచి చేయగలదు అని ఆ పక్షం మాట. 418లో కార్తేజ్‌లో కూడిన బిషప్పుల సభ దాన్ని తప్పని తేల్చింది. చదువుతుంటే నాకు మా అమ్మాయి స్కూలు గోడలు గుర్తొచ్చాయి. 'నువ్వు ప్రత్యేకం', 'నువ్వు అనుకుంటే ఏదైనా చేయగలవు' అని గోడగోడకీ పోస్టర్లు. పెలాగియస్ ఓడిపోయాడని రాసి ఉంది గానీ, ఇక్కడి ఎలిమెంటరీ స్కూళ్లు చూస్తే గెలిచినట్టే ఉన్నాడు. నా ఆఫీసులో ఒక గ్రీకు ఆర్థొడాక్స్ ఆవిడ ఉంది. మేం పసిపిల్లల్నే ముంచుతాం, కానీ ఆదాము దోషం బిడ్డ నెత్తిన ఉందని మాత్రం అనం, ఆదాము నుంచి మనకొచ్చింది చావు, బలహీనత అంది. అది మా అత్తగారి పక్షానికీ అమ్మ పక్షానికీ మధ్యలో మంచి రాజీలా అనిపించి ఇద్దరికీ చెప్పాను. ఇద్దరికీ నచ్చలేదు.

పక్కింటి తెలుగువాళ్ల అమ్మాయి, మా అమ్మాయి ఒకే బస్సు. ఆ పిల్ల బాలవిహార్‌కి, అంటే హిందూ పిల్లలకి ధర్మం నేర్పే క్లాసులకి వెళ్తుంది. ఈ పూస కథ విని, "మాకు అలా కాదు. నువ్వు పోయిన జన్మలో చేసిందే నీకొస్తుంది" అందట. మాది ఇంటికొచ్చి, అదే బెటర్, అట్లీస్ట్ నేనే చేశాను కదా అంది. చేసుకున్నవారికి చేసుకున్నంత అని మనవాళ్లంతా అనేదే. "మరి చేసింది గుర్తుందా?" అన్నాను. ఆలోచించి, "అయితే రెండూ ఫెయిర్ కాదు" అని తేల్చేసింది. వాళ్లమ్మా నేనూ దీని మీద చాలాసేపు నవ్వుకున్నాం, తర్వాత ఇద్దరం కొంచెం గంభీరమయ్యాం.

దాని తెలుగుతో ఇంకో చిక్కు. దానికి 'పాపం' అనే మాట చర్చిలో రాలేదు, ఇంట్లో వచ్చింది. మోకాలు కొట్టుకుపోతే "అయ్యో పాపం" అన్నాం. వాన్లో తడుస్తున్న కుక్కని చూసి "పాపం" అన్నాం. మా అమ్మ దాన్ని ఇప్పటికీ "పాపా" అనే పిలుస్తుంది. ఆదివారం వీడియో కాల్లో సూటిగా అడిగింది: "అమ్మమ్మా, పాపం అంటే పూర్ థింగా, సిన్నా?" అమ్మ తడుముకోలేదు. "రెండూనే. చేసినోణ్ణి చూసి అనేదీ అదే, పడినోణ్ణి చూసి అనేదీ అదే." మా ఆయన వెనకనుంచి "పాపం ఆదాము" అన్నారు. ఎటు తీసుకున్నా సరిపోయింది.

అప్పుడు అది అసలు ప్రశ్న వేసింది. ఎవ్రీబడీ అని ఎందుకన్నారు, నేను మంచిదాన్నే కదా.

అమ్మ నేననుకున్నట్టు రెండో అంశం ఎత్తుకోలేదు. తన చిన్నప్పటి ఊరు చెప్పింది. బళ్లో విడిగా కూర్చోబెట్టడం, దాహమేస్తే బావి గట్టుకి దూరంగా దోసిలి పట్టుకుని నిలబడితే పైనుంచి నీళ్లు పోయడం. నాకు ముక్కలుగా తెలుసు, ఇలా వరసగా ఎప్పుడూ చెప్పలేదు. "మనం పుట్టుకతోనే మైల అన్నార్రా. స్నానం చేసినా పోదు, చదువుకున్నా పోదు. అట్టాంటిది ఒక ఆదివారం చర్చిలో అయ్యగారు రోమా పత్రిక చదివారు. 'ఏ భేదమును లేదు; అందరును పాపముచేసి' అని. మా అమ్మ లేచి నిలబడి అడిగింది, కరణంగారు కూడానా అని. కరణంగారు కూడా అన్నారు అయ్యగారు. మునసబుగారు? ఆయనా. దొరగారు? దొరగారు కూడా అమ్మా, కూర్చో అన్నారు. ఇంటికొచ్చి మా అమ్మ ఎంత నవ్విందో! సచ్చేదాకా ఆ మాట చెప్పుకుని నవ్వింది."

మా అమ్మాయికి కరణం అంటే ఎవరో తెలీదు. చెప్పాను. మళ్లీ ఫోన్లోకి చూసి, "ఆయనక్కూడా నల్ల పూసా?" అంది. "నాకున్నంతే, ఒక్కటే" అంది అమ్మ.

ఆ మాట మా చర్చిల్లో నిలబడిందా అంటే, పెళ్లి సంబంధాలప్పుడు ఏం అడుగుతారో మనకి తెలియంది కాదు. అయినా మా అమ్మమ్మ చెవిలో విడుదలలా మోగిన 'అందరూ', నా కూతురి చెవిలో తిట్టులా ఎందుకు మోగిందో నాకు ఆ రోజు అర్థమైంది. అమ్మమ్మని కింద నిలబెట్టారు. ఆ మాట మిగతావాళ్లని ఆమె పక్కకి దించింది. దీన్ని స్కూలు కుర్చీ మీద నిలబెట్టింది. ఆ మాట దీన్ని కుర్చీ దింపింది. ఏది చెప్పి పెంచాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ చెయ్యి రంగు మాట విన్నాక, దీన్ని ఇంకాసేపు కుర్చీ మీదే ఉంచాలనిపిస్తుంది.

ఆగస్టులో ఒక సాయంత్రం చిన్నాడు పాకుతూ వెళ్లి ఆ దండ పట్టుకుని లాగాడు. దారం తెగింది. పూసలు సోఫా కిందకి దొర్లాయి. వాడు నోట్లో పెట్టుకుంటాడేమోనని నేను పరుగెత్తి అయిదూ ఏరి, లెక్కపెట్టి, దాని చేతిలో పోశాను. వంటింట్లోకి వెళ్లానో లేదో వాడి కేక. చూస్తే తొడ మీద ఎర్రగా గిల్లిన గుర్తు. "పడ్డాడు" అంది అది. పడితే గోళ్ల గుర్తులు పడవు. నేనేమీ అనలేదు.

రాత్రి పదిన్నరకి నా పక్కనొచ్చి పడుకుంది. "నేనే గిల్లాను. పూసలు ఇచ్చేశావు కదా, అయినా గిల్లాను. ఎందుకో నాకే తెలీదు."

అగస్టీన్ గురించి ఒక్కటి చెప్పాను. పదహారేళ్లప్పుడు స్నేహితులతో కలిసి అర్ధరాత్రి పక్కవాళ్ల చెట్టుకున్న బేరిపండ్లు దొంగిలించాడు. ఆకలి లేదు, ఇంట్లో అంతకన్నా మంచివే ఉన్నాయి. చాలావరకు పందులకి పడేశారు. నలభై దాటాక ఆత్మకథ రాస్తూ కూడా, ఎందుకు చేశానని పేజీలకి పేజీలు తన్నుకుంటాడు.

"వాళ్లమ్మకి చెప్పాడా?"

"తెలీదే. వాళ్లమ్మ వాడి కోసం చాలా ఏడ్చిందని మాత్రం రాశాడు."

"ఆదాము?"

"దేవుడు అడిగితే హవ్వ ఇచ్చింది అన్నాడు. హవ్వ పాము అంది."

"నేను పడ్డాడు అన్నాను" అంది. కాసేపు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. నిద్రపోయిందనుకున్నాను.

"పాపం, ఆదాముకి అమ్మ లేదు కదా. ఎవరికి చెప్పుకున్నాడు?"

జరుగు, చిన్నాడు లేస్తాడు అన్నాను. జరిగింది.