మస్సా డచెస్ మరియా బెయాట్రిచే: పుట్టింటి బిరుదులు, మెట్టినింటి బిరుదులు

18వ శతాబ్దపు ఇటలీ రాకుమారి మరియా బెయాట్రిచే పేరు పక్కన కొన్ని వంశవృక్షాల్లో "మోదెనా డచెస్" అని రాస్తుంటారు. అది తప్పు. ఉత్తర ఇటలీలోని మోదెనా రాజ్యాన్ని ఆమె ఒక్కరోజు కూడా ఏలలేదు. ఆమె ఏలింది మస్సా, కర్రారా. టస్కనీ వాయవ్య మూలన, పాలరాతి కొండల కింద ఉన్న చిన్న రాజ్యం అది.

తెలుగులో రాజు భార్యనూ రాణి అంటాం, గద్దె మీద కూర్చుని పాలించినామెనూ రాణే అంటాం. డచెస్ అన్న మాటతోనూ అదే చిక్కు: డ్యూక్ భార్యా డచెస్సే, సొంతంగా ఏలినామే డచెస్సే. అందుకే ఏ బిరుదు కనిపించినా మూడు సంగతులు వెతకాలి. అంతకుముందు అది ఎవరి చేతిలో ఉంది? పవిత్ర రోమన్ చక్రవర్తి ఇచ్చిన సనదులో ఆడపిల్లకు హక్కు ఉందా? భర్త పోయాక కూడా అధికారం ఆమె దగ్గరే నిలిచిందా?

మస్సా విషయంలో మూడిటికీ జవాబు స్పష్టంగా దొరుకుతుంది. 16వ శతాబ్దంలో మలస్పీనా వంశంలో మగపిల్లలు లేక, రాజ్యం రిచ్చార్దా మలస్పీనా చేతికి వచ్చింది. ఐదో చార్లెస్ చక్రవర్తి 1529లో ఆమె హక్కును ఖాయం చేశాడు. భర్త లోరెంజో చీబో పోప్ ఎనిమిదో ఇన్నోసెంట్ మనవడే అయినా, సనదు మాత్రం ఆమెదే. ఆమె సంతానం చీబో-మలస్పీనా అన్న జంటపేరుతో పాలించింది. 1664లో మస్సా డచీ (డ్యూక్ ఏలే రాజ్యం) అయింది, కర్రారా ప్రిన్సిపాలిటీ (ప్రిన్స్ ఏలే రాజ్యం) అయింది. "మస్సా డచెస్, కర్రారా ప్రిన్సెస్" అని రెండు బిరుదులు విడివిడిగా రాయడానికి కారణం ఇదే.

1731లో డ్యూక్ అల్దెరానో కొడుకులు లేకుండా చనిపోయాడు. పెద్దకూతురు మరియా తెరెసాకు అప్పటికి ఆరేళ్లు. మరియా బెయాట్రిచే తల్లి ఈమే. గద్దె ఆమెదే, కానీ 1744 దాకా తల్లి రిచ్చార్దా గొంజాగా రాజప్రతినిధిగా నడిపింది. తొమ్మిదేళ్లకే సవోయ్ వంశపు యువరాజుతో ప్రతినిధి ద్వారా పెళ్లి చేశారు. భార్య ముఖం చూడకుండానే అతను పోయాడు. పదహారేళ్లకు మోదెనాను ఏలే ఎస్తే వంశపు యువరాజు ఎర్కోలే దెస్తేతో రెండో పెళ్లి.

మోదెనాకు ఈ సంబంధం మీద అంత మోజు ఎందుకంటే, దానికి సముద్రం లేదు, మస్సాకు ఉంది. గణితం తెలిసిన దొమెనికో వందెల్లి అనే మతాచార్యుడి చేత 1738 నుంచి 1751 వరకు కొండల మీదుగా మస్సాకు బాట వేయించారు. తంబూరా కనుమ దగ్గర అది 1,600 మీటర్లు దాటుతుంది. ఏటవాలు విపరీతం, చలికాలమంతా మంచు. బండ్లు ఎక్కలేక బాట చివరికి మూలపడింది. అయినా ఆ రాతి మలుపులు ఇవాళ్టికీ చెక్కుచెదరలేదు, జనం ఇప్పుడు వాటి మీద కాలినడకన వెళ్తున్నారు. కర్రారాలో శిల్పకళకు అకాడమీ పెట్టించింది కూడా మరియా తెరెసాయే, 1769లో. నా దృష్టిలో ఆ తల్లి పాలనలో అన్నిటికన్నా విలువైన పని అది.

మరియా బెయాట్రిచే పుట్టింది 1750లో. తమ్ముడు 1753లో పసికందుగానే పోయాడు. తల్లి వైపు మస్సా ఆమెకు నేరుగా వస్తుంది. తండ్రి వైపు మోదెనా మాత్రం రాదు, అక్కడ మగ వారసత్వమే చెల్లుతుంది. మన జమీందారీల్లో అయితే దత్తత తీసుకునేవాళ్లు. ఐరోపా జాగీరు చట్టంలో దత్తపుత్రుడికి జాగీరు దక్కదు. ఎస్తే వంశం 1598లోనే, సక్రమ వారసుడు లేడన్న సాకుతో ఫెర్రారాను పోప్‌కు వదులుకుంది. అలాంటి దెబ్బ మళ్లీ తగలకుండా 1753లో ఆస్ట్రియాతో ఒప్పందం చేసుకుంది: ఈ పిల్లను ఆస్ట్రియాను ఏలే హాబ్స్‌బర్గ్ వంశపు రాకుమారుడికి ఇస్తే, మోదెనా అల్లుడి వంశానికి వెళ్తుంది. మొదట లియోపోల్డ్ అనుకున్నారు. అతనికి టస్కనీ ఖాయమయ్యాక తమ్ముడు ఫెర్డినాండ్ పేరు వచ్చింది. 1771 అక్టోబర్ 15న మిలాన్‌లో పెళ్లి. ఆర్చ్‌డచెస్ (హాబ్స్‌బర్గ్ రాకుమార్తెలకు, కోడళ్లకు ఉండే బిరుదు) అన్నది ఆమెకు మెట్టినింటి నుంచి వచ్చిన బిరుదు. ఎస్తే అన్నది పుట్టింటిది. వాళ్ల పిల్లల నుంచి ఆస్ట్రియా-ఎస్తే అనే కొత్త శాఖ మొదలైంది.

1790లో తల్లి పోయింది, మస్సా, కర్రారా ఆమెకు వచ్చాయి. ఆరేళ్లలో ఫ్రెంచి సైన్యం వాటిని ఊడబెరికింది. అదే ఏడు తండ్రి మోదెనా కూడా పోయింది. దానికి బదులుగా తండ్రికి ఇచ్చిన, నైరుతి జర్మనీలోని బ్రైస్‌గావ్ ప్రాంతం, 1803లో తండ్రి మరణంతో భర్త చేతికి వచ్చి, 1805లో జారిపోయింది. 1806లో నెపోలియన్ మస్సా, కర్రారాలను చెల్లెలు ఎలీసాకు ఇచ్చాడు. ఫెర్డినాండ్ కూడా అదే ఏడాది కన్నుమూశాడు.

నెపోలియన్ యుద్ధాల తర్వాత ఐరోపా సరిహద్దులు తేల్చిన వియన్నా మహాసభ తుది పత్రంలో 98వ అధికరణం చదివితే, మస్సాకూ మోదెనాకూ వారసత్వంలో ఉన్న తేడా అంతా ఒకేచోట కనిపిస్తుంది. 1815 జూన్ 9 నాటి ఆ అధికరణం మోదెనా, రెజ్జో, మిరాందోలాలను కొడుకు ఫ్రాన్సిస్‌కు ఇచ్చింది. మస్సా, కర్రారాలను మాత్రం 65 ఏళ్ల తల్లి పేరనే, ఆమె సొంత హక్కుగా ఇచ్చింది, పక్కనున్న లూనిజానా ప్రాంతంలోని జాగీర్లతో సహా. పక్కపక్కనే తల్లీకొడుకుల రెండు రాజ్యాలు! 1829 నవంబర్ 14న ఆమె వియన్నాలో మరణించాకే మస్సా మోదెనాలో కలిసింది.

ఎస్తే పేరు మాత్రం ఇంకా నడిచింది. ఆమె మనవడు ఐదో ఫ్రాన్సిస్ 1875లో మగ వారసుడు లేకుండా పోతూ, ఎస్తే పేరు పెట్టుకోవాలన్న షరతుతో ఆస్తిని పదకొండేళ్ల ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌కు రాసిచ్చాడు. 1914లో సరజేవోలో హత్యకు గురైన ఆర్చ్‌డ్యూక్ అతనే.