సంతకం వచ్చు, చదవడం రాదు

సంతకం పెట్టగలిగిన వాళ్లందరికీ చదవడం వచ్చనుకుంటే పొరపాటే. వేలిముద్ర తప్పించుకోవడానికి డ్వాక్రా సంఘంలో చేరినప్పుడు నేర్చుకున్న సంతకం చాలామందికి ముగ్గు లాంటిది. చెయ్యి దానంతటదే తిరుగుతుంది. ‘రమణమ్మ’ అని రాసే ఆవిడకు ‘కరక్కాయ’లో ‘ర’ ఎక్కడుందో చూపించమనండి. వేలు పెట్టలేకపోతే ఆవిడకు వచ్చింది బొమ్మ, అక్షరం కాదు. అయినా పెద్దవాళ్లకు చదవడం నేర్పేటప్పుడు పాఠం అక్కడినుంచే మొదలుపెట్టాలి. చెయ్యికి ఇప్పటికే తెలిసిన అక్షరాలు నాలుగైదు ఉన్నాయి, వాటిని కంటికి పరిచయం చేస్తే చాలు.

అంతకన్నా ముందు కళ్ల సంగతి చూడాలి. నలభై దాటాక దగ్గరి చూపు తగ్గడం మామూలే. తెలుగులో ముందుగా మసకబారేవి కింద ఉండే ఒత్తులు, పైన ఉండే గుడులు. అప్పుడు ‘కల’, ‘కల్ల’ ఒకటే అనిపిస్తాయి. పుస్తకాన్ని చెయ్యి చాచి దూరంగా పట్టుకుంటున్నారంటే ముందు కళ్లద్దాలు, తర్వాతే పలక. ‘నా బుర్రకెక్కదులే’ అని మానేసిన వాళ్లలో కొందరి బుర్రలో లోపమేమీ లేదు. మొదటి నెలల్లో అచ్చు అక్షరాల సైజు 24 పాయింట్లకు తగ్గకుండా, వరసల మధ్య ఖాళీ వదిలి ఇస్తే మంచిది.

ఇక వాచకం. ‘అ’ అంటే అమ్మ అని మొదలుపెడతాం. ఆ మొదటి మాటలోనే ఒత్తు ఉంది, పైగా ‘మ’ ఒత్తుకు ‘మ’తో పోలికే లేదు. త, న, మ, య, ర, ల – ఈ ఆరింటి ఒత్తులూ అంతే, విడిగా నేర్పాల్సిందే. మిగతావి చాలావరకు తలకట్టు తీసేసిన చిన్న అక్షరాలే కాబట్టి వాటికి పెద్దగా తడబడరు. పెద్దవాళ్లకు ముందు క, డ, త, న, ప, ర, ల, వ చెప్పండి. ఈ ఎనిమిదింటితోనే తల, వల, పడవ, కడవ, పలక, తడక, నడక, కలప వచ్చేస్తాయి. మొదటి వారంలోనే మాట చదివామన్న ధైర్యం వస్తుంది. తర్వాత దీర్ఘం, గుడి, కొమ్ము, సున్నా. సున్నాకు సూత్రం చెప్పొద్దు. పంట, పంపు, వంద పలికించండి, నోరే సరిచేసుకుంటుంది. ఙ, ఞ, ఌ ఇప్పట్లో అక్కర్లేదు.

‘వు’, ‘మ’ మాత్రం పక్కపక్కన పెట్టి చూపించాలి. మామూలు చోట కొమ్మిస్తే ‘వ’ కాస్తా ‘మ’ అయిపోతుంది, అందుకే ‘వు’కు కొమ్ము కిందినుంచి వస్తుంది. ఈ కారణం చెబితే పెద్దవాళ్లు ఇట్టే పట్టుకుంటారు. పిల్లలకన్నా వాళ్లకున్న బలం అదే.

మాటల తర్వాత వాక్యం. అది పుస్తకంలోది కాకుండా వాళ్ల నోటినుంచి వచ్చిందైతే మేలు. ‘రేపు పొలం కాడికి పోవాలి’ అన్నారనుకోండి, ‘కాడికి’ని ‘దగ్గరకు’ అని దిద్దకుండా అలాగే రాయండి. పైగా ఇందులో ఒక్క ఒత్తూ లేదు. వేలు పెట్టి మూడుసార్లు చదివించి, కత్తెరతో నాలుగు చీటీలు చేసి, కలిపేసి మళ్లీ పేర్చమనండి. చివరి చీటీనుంచి వెనక్కి కూడా చదివించండి. కంఠతా పట్టి అప్పజెబుతున్నారో, నిజంగా చదువుతున్నారో అక్కడ తేలిపోతుంది. చదివే విషయం కూడా వాళ్ల బతుకులోది కావాలి. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో ఆడవాళ్లు సారా మీద తిరగబడటానికి అక్షరాస్యతా తరగతుల్లో చదివిన అలాంటి పాఠాలు దారి వేశాయి.

‘ప’, ‘డ’, ‘వ’ అని విడివిడిగా కూడబలుక్కునే వాళ్లు మూడోదానికి వచ్చేసరికి మొదటిది మర్చిపోతారు. ‘పడ’ అని రెండూ కలిపించి, తర్వాత ‘వ’ చేర్చండి. ఆగిపోతే మనసులో అయిదు లెక్కపెట్టేదాకా అందించకండి. పక్కనున్నవాళ్లనూ అందించనివ్వొద్దు, ముఖ్యంగా మనవళ్లను. ‘ఇది కూడా రాదా నానమ్మా’ అన్న ఒక్క మాటకు మర్నాడు రావడం మానేసే వాళ్లుంటారు. ముందు అందరూ కలిసి, తర్వాత ఇద్దరిద్దరుగా, ఒంటరిగా చదవడం ఆఖరున, అదీ వాళ్లంతట వాళ్లు ముందుకొస్తేనే. పేరు పెట్టి పిలిచే చనువు లేకపోతే అక్కా, పెద్దమ్మా, బాబాయ్ అనండి. బడిపిల్లల్ని గదమాయించే గొంతు ఇక్కడ పనికిరాదు.

రోజుకు ముప్పావుగంట చాలు. కొత్త మాటలు మూడు నాలుగు, మిగతావన్నీ పాతవే. ఫోన్ వాడేవాళ్లకు అంకెలు వచ్చే ఉంటాయి కాబట్టి బస్సు నంబరు పక్కన ఊరి పేరు చదివించడం తేలిక.

నాట్లప్పుడు, కోతలప్పుడు, మిరప ఏరేటప్పుడు ఎవరూ రారు. దానికి కోపగించుకుని లాభం లేదు. నెల తర్వాత వచ్చిన వాళ్లను మళ్లీ అ, ఆల దగ్గర కూర్చోబెట్టకండి. ఆఖరుసారి కత్తిరించిన చీటీలు దాచి ఉంచి, వాటినే ముందు పెట్టండి.