అమృత్‌సర్‌లో సేవే సంస్కారం

వైష్ణోదేవి యాత్రకు వెళ్లే తెలుగువాళ్లు చాలామంది తిరుగు దారిలో ఒక పూట అమృత్‌సర్‌లో దిగుతారు. స్వర్ణ మందిరం, జలియన్‌వాలా బాగ్, సాయంత్రం వాఘా సరిహద్దు చూసి రాత్రికి రైలెక్కేస్తారు. మేమూ ఆ లెక్కనే బయలుదేరాం. మందిరం ముందున్న చెప్పుల గది దగ్గరే నా మనసు మారింది. బృందాన్ని పంపించేసి నేనూ మా అక్కా ఆ ఊళ్లోనే ఉండిపోయాం.

ఆ గదిలో చెప్పులు అందుకునేవాళ్లు జీతగాళ్లు కారు. మంచి బట్టలు కట్టుకున్న ఒక పెద్దాయన అక్క పాత రబ్బరు చెప్పులను రెండు చేతులతో అందుకొని, గుడ్డతో దుమ్ము తుడిచి, అరలో పెట్టి బిళ్ల ఇచ్చాడు. అక్క కంగారుపడి "వద్దండీ, నేను పెట్టుకుంటాను" అంది తెలుగులోనే. ఆయన చేతులు జోడించి తర్వాతి మనిషి చెప్పులు అందుకున్నాడు.

ఈ ఊరిని సిక్కుల నాలుగో గురువు రామదాసు 1577 ప్రాంతంలో సరోవరం తవ్వించి నిలబెట్టాడు. ఆయన కుమారుడు గురు అర్జన్ దాని మధ్య హర్‌మందిర్, అంటే ఈ స్వర్ణ మందిరమే, కట్టించి నాలుగు వైపులా ద్వారాలు పెట్టించాడు. ఊరి చివర ఛేహర్టాలో, ఒకేసారి ఆరు నీటి చక్రాలు తిరిగేంత పెద్ద బావి తవ్వించిందీ ఆయనే. గుడి కట్టిన చేతులే పొలాలకు నీళ్లివ్వడం నాకు గొప్పగా తోచింది. అక్కడ భక్తినీ ఊరి బాగునూ మొదటి నుంచీ విడదీయలేదు.

మందిరంలో అందరికీ ఉచితంగా భోజనం పెట్టే లంగరులో మామూలు రోజున కూడా యాభై వేల మందికి పైగా భోజనం చేస్తారు. పప్పు, రోటీ, ఖీరు. రోటీని దోసిలి పట్టి అందుకోవాలి. 1985లో మొదలైన తిరుమల నిత్యాన్నదానం ఎరిగిన మనకు పంక్తి భోజనం కొత్త కాదు. నాకు కొత్తగా అనిపించింది వంటశాల. ముందుగా పేరు నమోదు చేసుకునే పనే లేదు. ఎవరైనా తిన్నగా లోపలికి వెళ్లి రోటీలు ఒత్తవచ్చు, పళ్లేలు తోమవచ్చు. మేమిద్దరం వెల్లుల్లి పాయలు వలిచే ఆడవాళ్ల మధ్య కూర్చున్నాం. పక్కనున్నావిడ ఒక బడిలో లెక్కల టీచరు. సంపాదనలో పదో వంతు పరుల కోసం తీయడం వాళ్ల ఇంట్లో తాతల నాటి అలవాటట. "డబ్బు ఇచ్చేస్తే సరిపోదమ్మా, చేతులు కూడా రావాలి" అంది హిందీలో, వలవడం ఆపకుండానే.

అలాగని ఆ ఊరికి కష్టాలు లేవనుకోకూడదు. మత్తు మందులు పంజాబ్‌ను ఎంతగా పీడిస్తున్నాయో దేశమంతటికీ తెలుసు. సరిహద్దును ఆనుకున్న ఈ జిల్లాకూ ఆ బాధ తప్పలేదు. సిక్కుల నియమావళి అయిన రహత్ మర్యాద పొగాకునూ మత్తునూ నిషేధిస్తుంది. అయినా నిషేధం ఒక్కటే ఇళ్లను కాపాడలేకపోయింది. "అది చేయకు" అనే ధర్మం కంటే "రా, కూర్చో, ఈ పని అందుకో" అనే ధర్మమే ఆ ఊరికి ఎక్కువ మేలు చేసిందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఆ నమ్మకం బలపడింది పింగళ్‌వాడా అనే ఆశ్రమంలో. 1934లో లాహోర్‌లోని ఒక గురుద్వారా వద్ద ఎవరో వదిలి వెళ్లిన దివ్యాంగుడైన పసివాణ్ని పూరణ్ సింగ్ అనే సేవకుడు చేరదీసి, ఏళ్ల తరబడి వీపున మోశాడు. దేశ విభజన నాడు ఆ పిల్లవాడితోనే అమృత్‌సర్ చేరి, దిక్కులేని రోగుల కోసం ఈ ఆశ్రమం నెలకొల్పాడు. ఒకవైపు వాడేసిన కాగితాల మీద చెట్ల గురించీ నేల గురించీ కరపత్రాలు అచ్చు వేయించి భక్తులకు పంచేవాడు. 1992లో ఆయన కన్నుమూశాక కూడా ఆశ్రమం నడుస్తూనే ఉంది. మతి స్థిమితం లేనివాళ్లు, కదలలేని ముసలివాళ్లు, ఎవరూ రాని పిల్లలు అక్కడ మంచాల మీద శుభ్రమైన దుప్పట్లు కప్పుకొని ఉన్నారు. ఒక అమ్మాయి అక్క కొంగు పట్టుకొని చాలాసేపు వదల్లేదు. అక్క కూడా లేవలేదు.

అమృత్‌సర్‌కు టిక్కెట్లు తీసుకునేవాళ్లు తిరుగు రైలును మర్నాటికి పెట్టుకోండి. బస్టాండు దగ్గర పింగళ్‌వాడా అని చెబితే ఆటోవాళ్లు తీసుకెళ్తారు. లంగరులో పని చేయాలనుకుంటే ఎవరినీ అడగనక్కర్లేదు, తలకు గుడ్డ చుట్టుకొని వెళ్లి కూర్చోవడమే.