సహసంబంధం 0.98, అయినా మా మీటరు తప్పే చెప్పింది

మా ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు వైవా నిన్ననే ముగిసింది. రక్తంలో హిమోగ్లోబిన్‌ను కొలిచే, అరచేతిలో ఇమిడే పరికరం మాది. ల్యాబులో పరీక్షలు ముగిశాక మిగిలిన నమూనాలను పేర్లు తీసేసి వాడుకోవడానికి ఎథిక్స్ కమిటీ అనుమతి పెద్దగా ఇబ్బంది లేకుండానే వచ్చింది. సర్క్యూటు బోర్డు నేనే గీసి, నేనే సోల్డరింగ్ చేశాను. అది మొదటిసారే పనిచేసిందని చెప్పుకోకుండా ఉండలేను.

పద్ధతి పాతదే. 20 మైక్రోలీటర్ల రక్తాన్ని 5 మిల్లీలీటర్ల డ్రాబ్‌కిన్ ద్రావణంలో (హిమోగ్లోబిన్‌ను నిలకడైన రంగు పదార్థంగా మార్చేది) కలిపి, అది 540 నానోమీటర్ల వెలుగును ఎంత పీల్చుకుందో కొలవాలి. (ఆ ద్రావణంలో సయనైడ్ ఉంటుంది కనుక దానిని ఆమ్లం దగ్గరికి రానివ్వకండి.) 60 నమూనాలను కొలిచి ల్యాబు విలువలతో పోల్చితే సహసంబంధ గుణకం (రెండు కొలతలు ఎంతగా కలిసి పెరిగి తగ్గుతాయో చెప్పే సంఖ్య, గరిష్ఠం 1) 0.98 వచ్చింది. గైడు గారు గ్రాఫును నిలబడే చూసి, "ఇంకేం కావాలి, రిపోర్టు రాసేయండి" అన్నారు.

ఆ గ్రాఫును గర్వంగా ల్యాబు పాథాలజిస్టు గారి ముందు పెట్టాను. ఆవిడ గ్రాఫును పక్కకు నెట్టి పట్టిక అడిగారు; అందులో ఒక వరుస మీద వేలు పెట్టి, "ఈవిడకు హిమోగ్లోబిన్ డెసిలీటరుకు మా లెక్క 11.2 గ్రాములు, మీ లెక్క 12.6. గర్భవతి కాని స్త్రీకి 12 లోపు ఉంటే రక్తహీనత. మీ పెట్టె ఈవిడను ఆరోగ్యవంతురాలని ఇంటికి పంపేసింది, తెలుసా బాబూ?" అన్నారు. టెక్నీషియన్లు వింటూనే ఉన్నారు. ప్రతి విలువనూ ఒకే మోతాదులో పెంచి చూపే పరికరానికి కూడా సహసంబంధం నిండుగా 1 వస్తుందని, రెండు పద్ధతుల మధ్య తేడాలనే గీసి చూడాలని 1986లోనే బ్లాండ్, ఆల్ట్‌మన్ అనే గణాంక శాస్త్రవేత్తలు చెప్పారని ఆవిడ వివరిస్తుంటే, నాలుగేళ్లు గణితం చదివిన నేను తల వంచుకుని రాసుకున్నాను.

అలా గీస్తే సగటు తేడా 1.3 గ్రాములు తేలింది. కారణం పట్టుకోవడానికి మూడు వారాలు పట్టింది. మేము రక్తం కలపని ఖాళీ ద్రావణపు కొలతను పొద్దున ఒక్కసారే తీసుకునేవాళ్ళం. ఆ తరువాత ఎల్ఈడీ వేడెక్కుతూ, బ్యాటరీ దిగుతూ వెలుగు తగ్గితే, ఆ తగ్గుదలను కూడా పరికరం రక్తం ఖాతాలోనే వేసేది. వెలుగు 8 శాతం తగ్గితే చాలు, లేని హిమోగ్లోబిన్ 1.3 గ్రాములు పుట్టుకొస్తుంది. ఎల్ఈడీకి స్థిర విద్యుత్ ప్రవాహమిచ్చే సర్క్యూటు పెట్టి, ప్రతి నమూనాకు ముందు ఖాళీ కొలత తీసుకున్నాక సగటు తేడా 0.1కి దిగింది. మీరు ఇలాంటిది చేస్తుంటే గైడు కన్నా ముందు ల్యాబువాళ్ళకు చూపించండి.

వైవాలో ఈ సంగతి ఎవరూ అడగలేదు. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు పరికరాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, దీనికి మొబైల్ యాప్ ఎందుకు చేయలేదని అడిగారు.